మెడనొప్పికి చేతివైద్యం ఎంతవరకు?

మెడ వెనుక నుంచి భుజం చివరి దాకా పరుచుకొన్న ట్రపీజియస్ కండరాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టుకొని మెల్లగా దొర్లించి చూస్తే, మెడనొప్పితో వచ్చినవారిలో చాలామందికి ఒకచోట లాగి కట్టిన నులకతాడులాంటి బిగువైన పోగు తగులుతుంది. ఆ పోగు వెంబడి వేలు జరుపుతూ పోతే ఒక బిందువు దగ్గర రోగి ఉలిక్కిపడడం, తనను రోజూ బాధించే నొప్పి అదేనని గుర్తుపట్టడం, వేలు భుజం మీదనే ఉన్నా నొప్పి చెవి వెనుకకూ కణతకూ పాకుతున్నదని చెప్పడం ఫిజియోథెరపిస్టులకు నిత్యానుభవం. తాకిన చోటనే కాక దూరాన కూడా నొప్పిని పుట్టించే ఇలాంటి బిందువును ట్రిగ్గర్ పాయింట్ అనీ, కండరాలలోనూ వాటిని చుట్టి ఉండే ఫేషియా అనే పలుచని పొరలోనూ పుట్టే ఈ బాధను మయోఫేషియల్ నొప్పి అనీ వైద్యులు వ్యవహరిస్తారు. ఎవరూ తాకకపోయినా బాధిస్తూ ఉండే బిందువును క్రియాశీలమైనదిగా, నొక్కితే తప్ప బయటపడనిదాన్ని నిద్రాణమైనదిగా విడదీసి చూస్తారు.

ఈ వారం ఈ శీర్షిక మెడ మీదికి మళ్లడానికి కారణం, పేరు చెప్పనక్కరలేని ఒక ఫిజియోథెరపీ కేంద్రం మెడనొప్పి రోగులకు అచ్చువేసి ఇస్తున్న చికిత్సల పట్టిక. పది సిట్టింగుల ప్యాకేజీగా చూపిన ఆ పట్టికలో చర్మం మీద ప్యాడ్లు అంటించి విద్యుత్తును పంపే ఐఎఫ్‌టీ ఉంది, ధ్వని తరంగాలను లోపలికి పంపే అల్ట్రాసౌండ్ ఉంది, గడ్డానికి పట్టీ కట్టి మెడను పైకి లాగే ట్రాక్షన్ ఉంది, వేడి కాపడం ఉంది. రోగి మెడను చేతితో పరీక్షించడానికి గాని, ఇంట్లో చేసుకోవలసిన వ్యాయామాన్ని నేర్పడానికి గాని కేటాయించిన వరుస మాత్రం ఒక్కటీ లేదు. ఫిజియోథెరపీకి వెళ్లడమంటే కరెంటు పెట్టించుకోవడమేనని మన ఊళ్లలో చాలామంది అనుకోవడానికి ఇలాంటి పట్టికలే కారణం. శరీర నిర్మాణాన్నీ కదలికల శాస్త్రాన్నీ నాలుగేళ్లకు పైగా చదివి వచ్చిన యువతీయువకులను యంత్రం పక్కన నిలబెట్టి, గంట మోగగానే మీట కట్టేసే పనికి పరిమితం చేయడం ఆ చదువుకూ, దాన్ని నమ్మి వచ్చిన రోగికీ జరుగుతున్న అన్యాయం.

వైద్యంలో చేతి పాత్ర తరిగిపోతున్నదన్న వాదన ఈ శీర్షిక పాఠకులకు కొత్తది కాదు. మోకాళ్ల నొప్పుల గురించి చెప్పిన వారంలోనూ, ఎక్స్‌రే కవరు చూసి మనిషిని చూడని ధోరణి గురించి చెప్పిన వారంలోనూ ఇదే మాట వచ్చింది. మెడ విషయంలో ఆ ధోరణి మరింత హాని చేస్తున్నది. మెడ పట్టేసిన మనిషి ముందు స్కానింగ్‌కు వెళతాడు. నివేదికలో డిస్కు ఉబ్బిందనీ ఎముకలు అరిగాయనీ రాసి ఉంటుంది. ఆ రోజు నుంచి తనకు స్పాండిలైటిస్ అనే జీవితకాలపు జబ్బు వచ్చిందని నమ్మి, మెడకు కాలర్ తగిలించుకొని, తల తిప్పడానికే భయపడతాడు. జపాన్‌లో ఏ బాధా లేని 1,211 మంది మెడలకు ఎంఆర్‌ఐ తీసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో 87.6 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపించింది. ఇరవైల వయసులో ఉన్నవారిలో సైతం నలుగురిలో దాదాపు ముగ్గురికి అది ఉంది. నొప్పి లేనివారిలో కూడా అత్యధికులకు కనిపించే మార్పునే నొప్పికి కారణంగా చూపించి, వేలికి తగులుతున్న కండరాన్ని తాకకుండా వదిలేయడం సరైన వైద్యం అనిపించుకోదు.

కండరాన్ని తాకే వైద్యునికి మెడ ఒక పటంలా తెలిసి ఉండాలి. ట్రపీజియస్ పైభాగంలోని బిందువు మెడ పక్కగా పైకి ఎగబాకి కణత దగ్గర తలనొప్పిగా స్థిరపడుతుంది. మెడ ఎముకల నుంచి భుజపు రెక్క పైమూలకు దిగే లెవేటర్ స్కాపులే అనే కండరం పట్టేస్తే మెడ మొదట్లో నొప్పి నిలిచి, తల ఆ పక్కకు తిరగనే తిరగదు. ఉదయం లేచేసరికి మెడ పట్టేసిందనేవారిలో చాలామంది బాధ ఇదే. చెవి వెనుక నుంచి ఛాతీ ఎముక దాకా వాలుగా దిగే స్టెర్నోక్లీడోమాస్టాయిడ్ నుదుటి మీదా కంటి చుట్టూ నొప్పిని చూపిస్తుంది, కొందరికి తల తిరిగినట్లు కూడా చేస్తుంది. మెడ పక్కన లోతుగా ఉండే స్కేలీన్ కండరాలు నొప్పిని ఛాతీకీ, చేతి వెంట బొటనవేలి దాకానూ పంపుతాయి కాబట్టి, వాటిని నరం నొక్కుకుపోయిన బాధగా పొరబడే అవకాశం ఎక్కువ. పుర్రె కింది అంచున ఉండే సబ్‌ఆక్సిపిటల్ అనే చిన్న కండరాల నొప్పి తలలోపలి నుంచి కంటి వెనుకకు చొచ్చుకువచ్చినట్లు ఉంటుంది. పొద్దంతా తెర ముందు కూర్చునే ఉద్యోగి, కుట్టుమిషన్ మీద వంగే దర్జీ, గుంటమగ్గంలో కూర్చొని పోగు మీద చూపు నిలిపే నేతకారుడు పని వేరైనా ఈ కండరాలనే గంటల తరబడి ఒకే స్థితిలో నిలిపి ఉంచుతారు.

చేతితో చేసే చికిత్సలలో మొదటిది నొక్కిపట్టడం. బిందువు మీద వేలిని ఆనించి, రోగి ఓర్చుకోగలిగినంత మేరకే ఒత్తిడి పెంచి, అరనిమిషం నుంచి ఒకటిన్నర నిమిషం దాకా అలాగే నిలిపితే, వేలి కింద బిగువు సడలడం, రోగి నొప్పి తగ్గిందని చెప్పడం సాధారణంగా ఒకేసారి జరుగుతాయి. పూర్వం కండరానికి రక్తం ఆగిపోయేంత గట్టిగా నొక్కాలని బోధించేవారు. 1990ల చివరికి వచ్చేసరికి ఆ పద్ధతిని విడిచి, కణజాలం అడ్డుకొనే మేర దాకానే నొక్కి, అది సడలిన కొద్దీ ముందుకు సాగే మృదువైన పద్ధతిని ప్రామాణిక గ్రంథాలు స్వీకరించాయి. రెండవది, చెక్ వైద్యుడు కారెల్ లెవిట్ ప్రచారంలోకి తెచ్చిన పోస్ట్ ఐసోమెట్రిక్ రిలాక్సేషన్: పట్టేసిన కండరంతో రోగి థెరపిస్టు చేతికి ఎదురుగా పది సెకండ్ల పాటు చాలా తేలికగా తోసి, ఊపిరి వదులుతూ సడలించగా, ఆ సడలింపులో దొరికిన కాస్త జాగా మేరకు థెరపిస్టు మెడను ముందుకు తీసుకుపోతాడు, ఇలా మూడు నాలుగుసార్లు చేస్తే బలవంతం లేకుండానే కదలిక పెరుగుతుంది. చర్మం మీద చల్లని స్ప్రేను చల్లుతూ కండరాన్ని సాగదీయడం మూడవది. బిందువులోకి మందు లేని సన్నని సూదిని దించే డ్రై నీడ్లింగ్‌కు కూడా లెవిట్ 1979లో ప్రచురించిన పత్రమే పునాది. భుజం మీద లోతుగా గుచ్చితే ఊపిరితిత్తి పొరకు తగిలే ప్రమాదం ఉన్నందున ప్రత్యేక శిక్షణ లేనివారు ఆ సూదిని పట్టకూడదు.

ఈ పద్ధతుల వెనుక ఉన్న చరిత్రను తెలుసుకోకుండా వాటి విలువను తూచడం కష్టం. 1938లో లండన్‌లో జోనస్ కెల్‌గ్రెన్ అనే యువ వైద్యుడు, సర్ థామస్ లూయిస్ దగ్గర పనిచేస్తూ, ఉప్పు గాఢత ఎక్కువగా ఉన్న ద్రవాన్ని కండరాలలోకి ఎక్కించి, గుచ్చిన చోటికి దూరాన నొప్పి ఎక్కడెక్కడ కనిపిస్తుందో నమోదు చేశాడు. కండరం తన నొప్పిని మరోచోట చూపించగలదని ప్రయోగం ద్వారా తేలడం ఈ శాస్త్రానికి ఆరంభం. ఆ దారిని జీవితకాలపు కృషిగా మార్చినవారు న్యూయార్క్ వైద్యురాలు జానెట్ ట్రావెల్. 1901లో పుట్టిన ఆమె గుండెజబ్బుల వైద్యంలోనూ ఔషధశాస్త్రంలోనూ పనిచేస్తూ, ఛాతీలోనూ భుజంలోనూ నొప్పితో వచ్చేవారిలో కొందరి బాధ గుండెది కాక కండరానిదని గ్రహించి, ఏ కండరం ఎక్కడ నొప్పి చూపిస్తుందో ఏళ్ల తరబడి రాసిపెట్టారు. వైమానిక దళ వైద్యుడు డేవిడ్ సైమన్స్ తరువాతి కాలంలో ఆమెకు తోడయ్యారు. 1957 ఆగస్టులో బెలూన్‌కు వేలాడే గదిలో కూర్చొని ముప్పై కిలోమీటర్లకు పైబడిన ఎత్తుకు ఎగసిన సాహసి ఆయన. ఇద్దరూ కలిసి 1983లో ట్రిగ్గర్ పాయింట్ల మీద వెలువరించిన గ్రంథపు మొదటి సంపుటి ఈనాటికీ ఫిజియోథెరపీ విద్యార్థుల బల్లల మీద కనిపిస్తుంది.

ట్రావెల్ పేరును ప్రపంచానికి తెలిపిన రోగి మాత్రం జాన్ ఎఫ్. కెన్నెడీ. 1954లో జరిగిన నడుము శస్త్రచికిత్స ప్రాణాల మీదికి తెచ్చిన తరువాత, 1955లో ఆయన ఊతకర్రలతో ట్రావెల్ దగ్గరికి వచ్చారు. ఆమె నొప్పి బిందువులలోకి ప్రొకెయిన్ అనే మత్తుమందును ఎక్కించి, పొట్టిగా ఉన్న కాలికి ఎత్తు పెంచిన చెప్పు అమర్చి, ఊగే కుర్చీలో కూర్చోమని సలహా ఇచ్చి ఆయనను మళ్లీ నిలబెట్టారు. తరువాతి కాలంలో ఆ కుర్చీ ఆయన గుర్తుల్లో ఒకటైపోయింది. 1961లో అధ్యక్షుడైన కెన్నెడీ ఆమెను వైట్‌హౌస్ వైద్యురాలిగా నియమించారు. ఆ పదవిని చేపట్టిన మొదటి మహిళ ఆమె. ఒక వైద్యురాలు కండరాన్ని వేలితో వెతికి, దేశాధినేత నొప్పిని తగ్గించిన ఈ ఘట్టాన్ని చేతివైద్యపు ఘనతకు నిదర్శనంగా చెప్పి ఇక్కడితో ఆపేవారే ఎక్కువ.

కథ అక్కడితో ఆగలేదు. 1961 మే నెలలో కెనడా రాజధాని అట్టావాలో మొక్క నాటుతూ వంగినప్పుడు కెన్నెడీ నడుము మళ్లీ దెబ్బతిన్నది. ఇంజెక్షన్లు పెరిగాయి, ఉపశమనం నిలవలేదు. రోగి నడవగలిగే స్థితి పోతుందేమోనన్న ఆందోళనతో ఇతర వైద్యులు అదే సంవత్సరం అక్టోబరులో హాన్స్ క్రౌస్‌ను పిలిపించారు. ఆస్ట్రియా నుంచి అమెరికాకు వలస వచ్చిన క్రౌస్ కొండలెక్కే క్రీడలో అగ్రశ్రేణి వాడు. అమెరికా పిల్లల కండర శక్తి ఐరోపా పిల్లలకంటే చాలా తక్కువగా ఉందని తన పరీక్షలతో చూపించి, 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ యువజన దారుఢ్యం కోసం ప్రత్యేక మండలిని ఏర్పాటు చేయడానికి దోహదపడ్డవాడు. చల్లని స్ప్రేనూ ట్రిగ్గర్ పాయింట్ ఇంజెక్షన్లనూ ఎరిగినవాడే అయినా, కెన్నెడీ పొట్ట, నడుము, కాలి కండరాలు బలహీనపడి బిగుసుకుపోయాయని గుర్తించి, వైట్‌హౌస్‌లోనే వారానికి మూడుసార్లు వ్యాయామం మొదలుపెట్టించాడు. నెలలు గడిచేకొద్దీ రోగి బలం పెరిగింది, ఇంజెక్షన్ల మీద ఆధారం తగ్గింది. ట్రిగ్గర్ పాయింట్ శాస్త్రాన్ని నిర్మించిన వైద్యురాలి అత్యంత ప్రసిద్ధ రోగికి నిలకడగా మేలుచేసినది చివరికి అతని సొంత కండరాల శ్రమేనని ఈ చరిత్ర చెబుతున్నది.

ఆ ఉదంతం నడుముకు సంబంధించినది, ఒక్క మనిషికి సంబంధించినది కనుక దాని మీదనే తీర్పు చెప్పడం తగదు. కాని తరువాతి పరిశోధన కూడా చేతివైద్యాన్ని ప్రశ్నించకుండా వదలలేదు. 1992లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, ఈ రంగంలో పేరున్న వైద్యులు ఎవరు రోగులో ఎవరు ఆరోగ్యవంతులో తెలియకుండా పరీక్షించినప్పుడు, బిగువైన పోగులు అన్ని గుంపులలోనూ దాదాపు సమానంగా తగిలాయి. 1997లో మరో బృందం, ముందుగా కలిసి కూర్చొని పద్ధతిని సరిచూసుకొన్నాకనే పరీక్షకుల మధ్య ఏకాభిప్రాయం కుదిరిందని చూపించింది. నరం కండరాన్ని కలిసే చోట ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం మితిమీరి విడుదలై, కండర తంతువు బిగుసుకొని, రక్తప్రసారం తగ్గి, శక్తి కొరవడి బిగువు విడిపోలేకపోతుందని సైమన్స్ ఊహించారు. క్రియాశీల బిందువుల దగ్గర నొప్పి కలిగించే రసాయనాలు ఎక్కువగా ఉన్నాయని 2005లో జే షా బృందం అతి సన్నని గొట్టపు సూదితో సేకరించిన నమూనాలు తెలిపాయి. అయినా ఆస్ట్రేలియా వైద్యులు క్వింట్నర్, కోహెన్ మొదలైనవారు ఈ సిద్ధాంతాన్ని తిరస్కరిస్తూ, నొప్పికి మూలం కండరంలో కాక నరాలలోనూ నాడీవ్యవస్థ సున్నితత్వంలోనూ ఉండవచ్చని వాదించారు. వేలికి తగిలేది నిజమే, రోగి పడే నొప్పీ నిజమే. ఆ రెండింటికీ మధ్య ఉన్న సంబంధం మాత్రం ఇంకా పరిష్కారం కాని ప్రశ్న.

దీనికి మరో చిక్కు తోడవుతుంది. పడుకొన్న దిండును ఎండలో వేస్తే మెడపట్టు వదులుతుందన్న నమ్మకం తెలుగు ఇళ్లలో చిరకాలంగా ఉంది. పట్టేసిన మెడ చాలాసార్లు కొద్ది రోజుల్లో తనంతట తానే సడలుతుంది కనుక, ఆ రోజుల్లో ఎండలో వేసిన దిండుకూ, పూసిన బాముకూ, పెట్టిన కరెంటుకూ, నొక్కిన వేలికీ సమానంగానే పేరు దక్కుతుంది. అందువల్ల ఏ చికిత్సకైనా అడగవలసిన ప్రశ్న ఆ రోజు హాయిగా ఉందా అన్నది కాదు. ఏమీ చేయనివారితో పోల్చినప్పుడు నెలల తరువాత కూడా మేలు నిలిచిందా అన్నదే. ఆ ప్రశ్న ముందు నిలిపితే, నొక్కడం, సూది, సాగదీయడం అప్పటికప్పుడు, మహా అయితే కొన్ని వారాల పాటు ఉపశమనం ఇస్తాయనీ, అల్ట్రాసౌండ్‌కు ఆపాటి ఆధారమూ బలంగా లేదనీ ఒప్పుకోవలసి వస్తుంది. యంత్రానికి ఎదురుగా చేతిని నిలబెట్టి చేతినే గెలిపించాలన్న వాదం ఇక్కడ నిలవదు. రోగి కదలకుండా పడుకొని ఉండగా మరొకరు చేసే పని అన్న విషయంలో చెయ్యీ యంత్రమూ ఒకే వరుసలో ఉన్నాయి.

నెలల తరువాత కూడా నిలిచిన మేలును చూపించినవి వ్యాయామ పరిశోధనలే. ఫిన్లాండ్‌లో దీర్ఘకాలిక మెడనొప్పి ఉన్న 180 మంది మహిళా కార్యాలయ ఉద్యోగులను మూడు గుంపులుగా చేసి, ఒక గుంపుకు మెడ, భుజాల బలం పెంచే వ్యాయామాన్నీ, మరో గుంపుకు తక్కువ బరువుతో ఎక్కువసార్లు చేసే ఓర్పు వ్యాయామాన్నీ నేర్పి, మూడో గుంపుకు సాగదీయడం, నడక వంటివి మాత్రమే సూచించి, ఏడాది తరువాత పరీక్షించారు. 2003లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం బలం పెంచుకొన్నవారిలో 73 శాతం మందికీ, ఓర్పు వ్యాయామం చేసినవారిలో 59 శాతం మందికీ చెప్పుకోదగ్గ ఉపశమనమో పూర్తి ఉపశమనమో దక్కగా, మూడో గుంపులో అది 21 శాతానికే పరిమితమైంది. డెన్మార్క్‌లో 2011లో వెలువడిన మరో అధ్యయనంలో 198 మంది పాల్గొన్నారు. సాగే రబ్బరు పట్టీని రెండు చేతులతో పట్టుకొని చేతులను పక్కలకు భుజాల ఎత్తు దాకా లేపే ఒకే ఒక్క వ్యాయామాన్ని, వారానికి అయిదు రోజులు, రోజుకు రెండు నిమిషాల చొప్పున పది వారాలు చేసినవారికి కూడా నొప్పి గణనీయంగా తగ్గింది. పన్నెండు నిమిషాలు చేసినవారికి దక్కిన మేలు దానికంటే అంత ఎక్కువేమీ కాదు. తీరిక లేదన్న మాటకు ఈ రెండు నిమిషాలే జవాబు.

అయితే చేతికి పనేమీ లేదని దీని అర్థం కాదు. మెడ తిప్పడానికే భయపడే రోగికి మొదటి రోజునే రబ్బరు పట్టీ ఇస్తే చేయలేడు, చేసినా కొనసాగించడు. వేలు నొక్కి పట్టినప్పుడు దొరికే కొద్దిపాటి ఉపశమనం రోగికి రెండు సంగతులు నేర్పుతుంది: వేలి ఒత్తిడికే నొప్పి తగ్గుతున్నది కాబట్టి మెడ ఎముకలు విరిగిపోవడం లేదని, కదిలితే హాని జరగదని. ఆ ధైర్యం కుదిరిన గంటలోనే గడ్డాన్ని లోపలికి లాగి తలను స్వల్పంగా వంచి మెడ లోపలి కండరాలను మేల్కొలిపే వ్యాయామాన్నీ, భుజాలకు బలమిచ్చే వ్యాయామాన్నీ థెరపిస్టు నేర్పి, ఎదురుగా చేయించి, తరువాతి రాకలో సరిచూడాలి. ఎవరి మెడనైనా ఒకే రకంగా చూసే పట్టికకు ఇది సాధ్యం కాదు. శ్రద్ధగా తాకి, విని, నేర్పే మనిషికే సాధ్యం. చేతి విలువ అది తుడిచేసిన నొప్పిలో కాక, అది రోగి చేత చేయించగలిగిన పనిలో ఉంది.

కొన్ని జాగ్రత్తలు చెప్పకుండా ఈ మాట ముగించకూడదు. మెడనొప్పితో పాటు చేతిలో పట్టు తగ్గినా, నడకలో తూలినా, మూత్రం మీద అదుపు తప్పినా, జ్వరమో కారణం లేని బరువు తగ్గుదలో కనిపించినా, ప్రమాదంలో దెబ్బ తగిలిన తరువాత నొప్పి మొదలైనా, ఛాతీ బిగువుతో ఎడమ చేతికి నొప్పి పాకినా ట్రిగ్గర్ పాయింట్ గురించి ఆలోచించక వెంటనే వైద్యుని దగ్గరికి వెళ్లాలి. క్షౌరశాలలో తలను ఒక్కసారిగా తిప్పి మెడ విరిపించుకోవడం మానాలి. మెదడుకు రక్తాన్ని తీసుకుపోయే ధమని చిరిగి పక్షవాతం వచ్చిన ఉదంతాలు వైద్యపత్రికలలో నమోదై ఉన్నాయి. ఫిజియోథెరపీ కేంద్రానికి వెళ్లిన పాఠకులు డబ్బు కట్టే ముందు రెండు ప్రశ్నలు తప్పక అడగాలి: మెడను చేతితో పరీక్షించేది ఎవరు, ఇంట్లో చేసే వ్యాయామాన్ని నేర్పేది ఎప్పుడు. ఈ రెండింటికీ సూటిగా జవాబు చెప్పేచోట యంత్రం ఉన్నా లేకపోయినా నష్టం లేదు. వ్యాయామం నేర్పకుండా పంపించే చోటికి రెండోసారి వెళ్లనక్కరలేదు.